బడి సగటు, పిల్లల లెక్క: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

మహారాష్ట్ర సరిహద్దు జిల్లాల నుంచి ఈ నెల వచ్చిన జాబుల్లో నాలుగింటిని ఎంచుకున్నాను. నాలుగూ జిల్లా పరిషత్ బడుల్లోని పెద్ద తరగతుల గురించినవే. మొదటి జాబుకే ఎక్కువ చోటు పట్టింది. మిగిలిన ముగ్గురు పాఠకులు కూడా ముందు ఆ జవాబు చదివి, ఆ తరువాత తమది చదువుకుంటే మంచిది.

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డున ఉన్న ఊరు. ఇంట్లోనూ బజారులోనూ తెలుగే, కచేరీలో మాత్రం మరాఠీ. మా జిల్లా పరిషత్ బడిలో నాలుగో తరగతి దాకా తెలుగు మాధ్యమం ఉంది, ఐదు నుంచి ఎనిమిది దాకా మరాఠీ మాధ్యమమే. నేను శాల వ్యవస్థాపన సమితిలో (బడి నిర్వహణ కమిటీలో) సభ్యురాలిని. రెండేళ్లుగా అడవి వైపు గూడేల నుంచి మాడియా తెగ పిల్లలు చాలామంది వచ్చి చేరుతున్నారు. ఈ యేడు ఆరో తరగతి సగటు మార్కులు తగ్గాయి. సమితి కూర్చున్నప్పుడు కొందరు పెద్దలు "వాళ్లు వచ్చినందుకే బడి పాడైంది" అన్నారు. ఆ మాట నాకు కష్టంగా తోచింది. కానీ కాగితం మీది అంకెలు వాళ్ల పక్షానే ఉన్నట్టు కనిపిస్తున్నాయి. నేనేమని జవాబు చెప్పాలి? (ఒక పాఠకురాలు, సిరొంచ తాలూకా)

జవాబు: అమ్మా, మీ పెద్దలు అన్న మాట లెక్క ప్రకారం కూడా నిలవకపోవచ్చు. ముందు ఆ లెక్కే చూద్దాం. మీ బడి అసలు మార్కులు నా ముందు లేవు కనుక ఊహించుకున్న అంకెలతో చెబుతాను, మీరు కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. నిరుడు ఆరో తరగతిలో 16 మంది ఉన్నారనుకుందాం. వారిలో ఊరి పిల్లలు 12 మంది, వాళ్ల సగటు 60. గూడెం పిల్లలు నలుగురు, వాళ్ల సగటు 40. తరగతి మొత్తానికి సగటు 55 వస్తుంది. ఈ యేడు ఊరి పిల్లలు మళ్లీ 12 మందే, వాళ్ల సగటు 62కు పెరిగింది. గూడెం పిల్లలు 12 మంది అయ్యారు, వాళ్ల సగటు కూడా 44కు పెరిగింది. ఇప్పుడు అందరినీ కలిపి సగటు కట్టి చూడండి, 53 వస్తుంది. ఊరి పిల్లలూ, గూడెం పిల్లలూ నిరుటి కంటే బాగా చదివినా బడి సగటు రెండు మార్కులు తగ్గింది. తరగతిలో ఎవరి పాలు ఎంత అన్నది మారింది, ఒక్క పిల్లవాడి చదువైనా చెడలేదు.

మీ బడిలో సరిగ్గా ఇదే జరిగిందని నేను అనను. ఇలా జరిగే వీలుంది కనుక, సగటు తగ్గిందన్న ఒక్క ముక్కతో ఎవరినీ తప్పుపట్టడానికి వీల్లేదని మాత్రం గట్టిగా చెప్పగలను. అసలు సంగతి తేల్చే దారి మీ బడిలోనే ఉంది. 2023-24 నుంచి మన రాష్ట్రంలో మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు నియతకాలిక మూల్యాంకన చాచణి (ఎప్పటికప్పుడు చదువును కొలిచే పరీక్ష) పేరుతో మొదటి భాష, గణితం, ఇంగ్లీషు పరీక్షలు పెడుతున్నారు. మొదట పెట్టే పాయాభూత చాచణిలో ఎవరికెన్ని వచ్చాయి, ఆ తరువాత సంకలిత చాచణిలో అదే పిల్లవాడికి ఎన్ని వచ్చాయి అన్న పట్టిక ముఖ్యాధ్యాపకుల దగ్గర ఉండాలి. నిరుటి ఆరో తరగతితో ఈ యేటి ఆరో తరగతిని పోల్చడమంటే వేరు వేరు పిల్లలను పోల్చడమే. ఇప్పుడు ఆరులో ఉన్న పిల్లలు ఐదులో ఎక్కడున్నారో చూసి, అక్కడి నుంచి ఎంత దూరం నడిచారో కొలవమని అడగండి. అడిగే హక్కు మీకుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ సమితిలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది స్త్రీలు ఉండాలి. పిల్లల హాజరు, నేర్చుకునే శక్తి, ప్రగతి గురించి తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పడం ఆ చట్టమే ఉపాధ్యాయుల విధుల్లో చేర్చింది. సమితి సమావేశమంటే టీ తాగి రిజిస్టరులో సంతకం చేసి వచ్చేది అన్న అలవాటు మన దగ్గర బాగా పాతుకుపోయింది. మీరు అంకెలు చూసి కలత పడ్డారంటేనే నాకు సంతోషంగా ఉంది.

ఇంతటితో ఆపితే మీ పెద్దలు ఒక ప్రశ్న అడుగుతారు, అడగాలి కూడా. సరే, ఇద్దరూ పెరిగారు, కానీ 62కూ 44కూ మధ్య 18 మార్కుల ఎడం ఎందుకుంది? నేను వేసుకున్న అంకెలు ఊహే అయినా అలాంటి ఎడాలు మన బడుల్లో నిజంగానే ఉన్నాయి. అవి పిల్లల పుట్టుకలోంచి వచ్చినవని తీర్మానించే ముందు రెండు కాగితాలు తెప్పించుకుని చూడండి. ఒకటి ప్రశ్నపత్రం, రెండోది హాజరు పట్టీ.

ప్రశ్నపత్రం గురించి నా అనుభవం ఒకటి చెబుతాను. చాలా ఏళ్ల కిందట మీ వైపు బడిలోనే, తెలుగు మాధ్యమం దాటి అప్పుడే మరాఠీ తరగతిలోకి వచ్చిన ఒక పిల్లవాడి గణితం కాగితం దిద్దుతున్నాను. బుట్టలో 24 మామిడికాయలు ఉన్నాయి, 9 ఇచ్చేశారు, "ఉర్లే కితీ?" అన్నది ప్రశ్న. మిగిలినవి ఎన్ని అని దాని అర్థం. పిల్లవాడు ఏమీ రాయకుండా వదిలేశాడు. పిలిచి అడిగితే "ఊర్లె ఎన్ని కాయలున్నయో నాకేమెరుక సారూ" అన్నాడు. వాడి చెవికి మరాఠీ "ఉర్లే" మన "ఊర్లె"గా వినబడింది. అదే లెక్క చింతగింజలు పెట్టి తెలుగులో అడిగాను, నేను నోరు మూసేలోపే పదిహేను అన్నాడు. ఆ కాగితం మీద వాడికి పడిన సున్నా ఏ విషయంలోని సున్నా? గణితంలో అయితే కాదు. అయినా పట్టికలో అది గణితం గడిలోనే చేరింది, అక్కడి నుంచి తరగతి సగటులోకి, చుట్టుపక్కల బడులను చూసుకునే కేంద్ర ప్రముఖ్ నివేదికలోకి వెళ్లింది.

మీ ఊరి పిల్లలు ఈ గండాన్ని ఐదో తరగతిలో ఒకసారి దాటుతారు. మాడియా పిల్లలు ఇంట్లో మాడియా మాట్లాడి, బజారులో తెలుగు విని, బడిలో మరాఠీ చదివి, ఆపైన ఇంగ్లీషుకు రావాలి. మీ పెద్దలకు ఇంకో ముక్క కూడా చెప్పవచ్చు. గోండి, మాడియా భాషలను భాషావేత్తలు తెలుగుతో కలిపి దక్షిణ మధ్య ద్రావిడ శాఖలోనే చేర్చారు. గోండిలో నీళ్లను "యేర్" అంటారు, మనం పారే నీటిని ఏరు అంటున్నాం. వాళ్ల "పాల్" మన పాలే. ఆ పిల్లలకు మరాఠీ పదం అందనప్పుడు పక్కన కూర్చున్న తెలుగు పిల్లవాడి మాట కొంతైనా అందుతుంది. ఇద్దరినీ ఒకే బల్ల మీద కూర్చోబెట్టిన గురువు ఖర్చు లేకుండా సగం పని చేసినట్టే.

ఇక హాజరు పట్టీ. మీ తాలూకాలో మిరప కోతల కాలం సంగతి నేను మీకు చెప్పనక్కరలేదు. ఫిబ్రవరి వచ్చేసరికి కూలీలు ఇల్లు తాళం వేసి, పిల్లలను కూడా వెంటబెట్టుకుని గోదావరి దాటి తెలంగాణ చేలకు వెళ్తారు. తిరిగి వచ్చేసరికి ఎండలు ముదురుతాయి, ఆ వెంటనే తునికాకు మొదలవుతుంది. చట్టం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పని దినాలు, 1000 బోధన గంటలు ఉండాలంటోంది. బడి తన వంతుగా 220 రోజులు తెరిచే ఉండవచ్చు, కానీ కోతలకు వెళ్లిన పిల్ల వాటిలో ఎన్ని రోజులు ఉంది? తరగతిలోని పిల్లలను 200 రోజులకు పైగా వచ్చినవాళ్లు, 150కి లోపు వచ్చినవాళ్లు అని విడదీసి రెండు సగట్లు కట్టమనండి. ఊరివాళ్లు, గూడెంవాళ్లు అన్న గీత కంటే ఈ గీత దగ్గరే ఎడం ఎక్కువగా కనిపించినా నేను ఆశ్చర్యపోను. మీ ఊళ్లోనూ కోతలకు వెళ్లే ఇళ్లున్నాయి, ఆ ఇళ్ల పిల్లల మార్కులు ఎక్కడున్నాయో చూస్తే మీ పెద్దలకు సంగతి తెలిసివస్తుంది. ఆ నెలల్లో అవ్వాతాతల దగ్గర ఆగే పిల్లలకు, ఎవరూ లేక వెంట వెళ్లాల్సివచ్చే పిల్లలకు ఏమి ఏర్పాటు చేయాలో జనవరిలోనే సమితి మాట్లాడుకోవాలి. మార్చిలో మాట్లాడితే ఎదురుగా ఖాళీ బల్లలే ఉంటాయి.

పిల్లల సంఖ్య విషయం మీ పెద్దలు మరచిపోయినట్టున్నారు. పెద్ద తరగతుల్లో 35 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడు అన్నది చట్టం పెట్టిన కొలత. పోస్టులు సంచ్ మాన్యతలో, అంటే బడికి ఎందరు ఉపాధ్యాయులో ప్రభుత్వం ఖాయం చేసే లెక్కలో, పిల్లల సంఖ్యను బట్టే నిలుస్తాయి, ఊడుతాయి. గూడేల పిల్లలు రాకపోయి ఉంటే మీ బడిలో ఇవాళ ఎందరు ఉపాధ్యాయులు మిగిలేవారో ముఖ్యాధ్యాపకులను అడగండి. 2011 జనగణనలో గడ్చిరోలి జనాభాలో నూటికి 38.7 మంది షెడ్యూల్డు తెగలవారు, రాష్ట్రం మొత్తానికి అయితే నూటికి 9.4 మందే. ఈ జిల్లాలో ఆ పిల్లలు లేని బడి కావాలనుకోవడమంటే జిల్లాను మార్చుకోవాలనుకోవడమే.

ప్రశ్న: నేను చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకాలో ఉపాధ్యాయుడిని. బడుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పిల్లల వివరాలు ఎక్కించే పని నాకు అప్పగించారు. మా బడిలో సగానికి పైగా పిల్లల ఇంటి భాష తెలుగు, కానీ పాత నమోదులో అందరికీ మాతృభాష మరాఠీ అనే ఉంది. మార్చడం అవసరమా, లేక అనవసరంగా తలనొప్పి తెచ్చుకున్నట్టా? కులం వారీగా మార్కుల పట్టిక తయారుచేసి నోటీసు బోర్డు మీద పెట్టమని ఒక సహోద్యోగి సలహా ఇస్తున్నారు. మీరేమంటారు? (ఒక ఉపాధ్యాయుడు)

జవాబు: మార్చండి మాస్టారూ, తప్పకుండా మార్చండి. 2022-23 నుంచి యూడైస్ ప్లస్‌లో బడి మొత్తం అంకెలకు బదులు ఒక్కొక్క పిల్లవాడి వివరం విడివిడిగా ఎక్కిస్తున్నారు. మాతృభాష, సామాజిక వర్గం, నిరుడు ఎన్ని రోజులు హాజరయ్యాడు, నిరుటి పరీక్షలో నూటికి ఎన్ని వచ్చాయి అన్నవన్నీ ఒకే పిల్లవాడి పేరు కింద ఉంటాయి. మొదటి జాబుకు నేను చెప్పిన లెక్కలన్నీ వీటితోనే కట్టవచ్చు. కానీ మాతృభాష గడిలో అందరికీ మరాఠీ అని ఉంటే, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్ల మరాఠీలో వెనకబడినప్పుడు ఆ కాగితం చూసినవాడు "సొంత భాషే రాని పిల్ల" అనుకుంటాడు. తప్పు నమోదుది, నింద పిల్లది.

రాజురా, నాందేడ్ జిల్లాలోని కిన్వట్ రెండూ 1956 రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేవన్న సంగతి మీ పై అధికారులందరికీ తెలిసి ఉండకపోవచ్చు. అక్కడి ఇళ్లలో తెలుగు ఉండటం వింతేమీ కాదు. అదే ఏడాది ఏడో సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని రాష్ట్రాలను కోరుతోంది. సాధ్యమైనంత మేరకు బోధన మాతృభాషలో ఉండాలని విద్యాహక్కు చట్టం 29వ సెక్షను కూడా చెబుతోంది. పుణెలోని బాలభారతి సంస్థ తెలుగులో పాఠ్యపుస్తకాలు అచ్చు వేస్తూనే ఉంది. అయితే పుస్తకాలు, ఉపాధ్యాయులు కావాలని అడిగేటప్పుడు చేతిలో ఉండాల్సింది పిల్లల సంఖ్యే కదా. కాగితం మీద తెలుగు పిల్లలే లేకపోతే ఎవరి కోసం అడుగుతారు?

మార్చే ముందు మాత్రం ఇంటికి వెళ్లి తల్లిని అడగండి. పిల్లవాడి ఇంటిపేరు చూసి భాష రాయకండి. మన వైపు వార్ అని ముగిసే ఇంటిపేర్ల వెనక తెలుగు ఇళ్లూ ఉన్నాయి, మరాఠీ ఇళ్లూ ఉన్నాయి, మూడు తరాలుగా రెండూ మాట్లాడే ఇళ్లూ ఉన్నాయి. సామాజిక వర్గం గడి ఇంకా జాగ్రత్తగా నింపాలి. కాగితం లేకుండా ఎవరి మాట మీదనో అది నింపితే, ఆ తప్పు పిల్లవాడి దాఖలా (బడి విడిచేటప్పుడు ఇచ్చే పత్రం) దాకా వెంటాడుతుంది.

నోటీసు బోర్డు సలహాను ఇక్కడే వదిలేయండి. తరగతిలో ఒక వర్గం పిల్లలు ఇద్దరో ముగ్గురో ఉన్నప్పుడు ఆ వర్గం సగటు రాయడమంటే ఆ పిల్లల పేర్లు రాసినట్టే. అది చూసి పిల్లలు ఒకరినొకరు ఏమని పిలుచుకుంటారో మీకు తెలియనిది కాదు. పిల్లలకు మానసిక వేధింపు కూడదని చట్టం 17వ సెక్షను అంటోంది. ఆ పట్టిక మీ బల్ల సొరుగులో ఉండాలి, మీ బోధన మార్చుకోవడానికి పనికిరావాలి. ముగ్గురి సగటు నిరుటి కంటే ఎనిమిది మార్కులు పెరిగిందని పొంగిపోనూ వద్దు, తగ్గిందని కుంగిపోనూ వద్దు. పరీక్ష రోజు ఒక్కరికి జ్వరం వస్తే చాలు, అంత తేడా వస్తుంది.

ప్రశ్న: జాతీయ సాధన సర్వేక్షణలో మా ధర్మాబాద్ బడికి ఎన్ని మార్కులు వచ్చాయో ఎక్కడ చూడాలి? పక్క ఊరి బడికి మా కంటే ఎక్కువ వచ్చాయని అంటున్నారు. (ఒక తండ్రి, నాందేడ్ జిల్లా)

జవాబు: అలా ఎవరు అన్నా నమ్మకండి. 2021 నవంబరు 12న 3, 5, 8, 10 తరగతులకు జరిగిన ఆ సర్వేక్షణ నమూనా పరీక్ష. కొన్ని బడులను ఎంచి, వాటిలో కొందరు పిల్లలకు పెట్టారు. ఫలితాలు జిల్లాకూ రాష్ట్రానికీ ఇచ్చారు, బాలబాలికలు, పల్లె-పట్నం, సామాజిక వర్గాల వారీగా విడదీసి కూడా ఇచ్చారు. బడికి ర్యాంకు ఇవ్వడం దాని ఉద్దేశం కాదు. 2024 డిసెంబరు 4న 3, 6, 9 తరగతులకు జరిగిన పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ కూడా అలాంటిదే. మీ అబ్బాయి సంగతి తెలియాలంటే వాడి ప్రగతి పుస్తకం, సంకలిత చాచణి కాగితం చూడండి. వీలైతే వాడి పక్కన కూర్చుని పాఠ్యపుస్తకంలో ఒక పేజీ చదివించుకోండి. పక్క ఊరి బడి ఎక్కడికీ పోదు.

ప్రశ్న: నేను బల్లార్‌పూర్ గని నుంచి రిటైరైన కార్మికుడిని. నా మనుమడు జిల్లా పరిషత్ తెలుగు మాధ్యమంలో ఏడో తరగతి చదువుతున్నాడు, లెక్కల్లో చురుకు. వాడి తండ్రి రోజు కూలి. ఇక్కడ బీద పిల్లలే ఎక్కువగా ఉన్నారు, వీళ్ల మధ్య వాడి చదువు ఎదగదని, ఎనిమిదికి ప్రైవేటు ఇంగ్లీషు బడిలో వేయమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. ఎనిమిదిలో ఏదో కేంద్ర స్కాలర్‌షిప్పు పరీక్ష ఉందంటారు. దాన్ని తెలుగులో రాయవచ్చా? (ఒక తాత)

జవాబు: తాతగారూ, రాయవచ్చు. మీరడిగింది జాతీయ ఆర్థిక దుర్బల ప్రతిభా స్కాలర్‌షిప్పు, ఎన్ఎంఎంఎస్ అంటారు. మన రాష్ట్రంలో పుణెలోని రాష్ట్ర పరీక్షా పరిషత్తు దీన్ని నిర్వహిస్తుంది, మాధ్యమాల్లో తెలుగు కూడా ఉంది. బౌద్ధిక క్షమతకు (ఆలోచనా శక్తికి) 90, పాఠ్యాంశాలకు 90 ప్రశ్నలు ఉంటాయి. పాఠ్యాంశాల్లో లెక్కలకు 20, విజ్ఞానానికి 35, సామాజిక శాస్త్రానికి 35 వస్తాయి కనుక లెక్కల చురుకు ఒక్కటే చాలదు. చరిత్ర, భూగోళం ఇప్పుడే మొదలుపెట్టించండి. గెలిస్తే తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. దేశానికి ఏటా లక్ష స్కాలర్‌షిప్పులు, అందులో మహారాష్ట్రకు 11,682.

మీ బంధువుల సలహా వినే ముందు దాని నియమాలు చూసుకోండి. పరీక్ష రాసేనాటికి పిల్లవాడు ప్రభుత్వ, స్థానిక సంస్థల లేదా అనుదానం (ప్రభుత్వ ఆర్థిక సాయం) పొందే బడిలో ఎనిమిదో తరగతి చదువుతూ ఉండాలి. అనుదానం లేని ప్రైవేటు బడికి మారిస్తే ఆ రోజే అర్హత పోతుంది. కుటుంబ వార్షికాదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. ఏడో తరగతిలో నూటికి 55 మార్కులు, ఎస్సీ ఎస్టీ పిల్లలకు 50 రావాలి. అంటే మీ మనుమడు ఇప్పుడు చదువుతున్న ఏడాదే లెక్కకు వస్తుంది.

బీద పిల్లల మధ్య చదువు ఎదగదన్న మాటకు మొదటి జాబులో చెప్పిన దానికి మించి ఏమీ చెప్పను. ఈ స్కాలర్‌షిప్పు పెట్టిందే ఆ పిల్లల కోసం. వాళ్ల పక్కన కూర్చున్నందుకు లెక్కల చురుకు తగ్గిన పిల్లవాడిని నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో చూడలేదు. వాడి పక్కన కూర్చునేవారిలో ఇంకో ఇద్దరు ముగ్గురు బాగా చదివేవాళ్లుంటే వాళ్లనూ కలిపి సాయంత్రాలు పాత ప్రశ్నపత్రాలు చేయించండి. ఒక్కడే కూర్చుంటే ఆ వయసు పిల్లలకు వారం తిరక్కుండానే విసుగు వస్తుంది. దరఖాస్తు ముఖ్యాధ్యాపకుల ద్వారా ఆన్‌లైన్‌లో వెళ్తుంది కనుక వారికి ఇప్పుడే ఒక మాట చెప్పి ఉంచండి. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం ఆఖరు వారంలో దొరకడం కష్టం, ఈ ఎండాకాలంలోనే తీసి పెట్టుకోండి. ఆధార్‌లోనూ బడి రిజిస్టరులోనూ వాడి పేరు ఒకే అక్షరాలతో ఉందో లేదో కూడా చూసుకోండి. మన తెలుగు పేర్లను మరాఠీలో ఎక్కించేటప్పుడు ఒక చోట ఒత్తు, ఇంకో చోట దీర్ఘం ఎగిరిపోతుంటాయి.